పచ్చబొట్టు

సముద్రం కన్నా నేల పల్లంగా ఉండే ఫ్రీస్లాండ్‌లో
మేం కాసే పంపులు నలభై ఒకటి.
వాటి క్షేమసమాచారమంతా ఒకే ఒక్క వెబ్ పేజీలో:
వరసకో పంపు పేరు, పక్కనే రంగు గడి.
పచ్చ అంటే నీళ్లు తోడుతోంది.
ఎరుపు అంటే ఆగింది.
అంతకు మించి మాటల్లేవు.

అది రాసినవాడు దౌవే టెర్ప్‌స్ట్రా,
పద్దెనిమిదేళ్ల కిందట, ఒక చలికాలంలో, ఒక్కడే.
రంగుల్ని ప్రోగ్రాంలోనే పిసికేశాడు
రొట్టెపిండిలో ఉప్పులా.
అక్కడ పచ్చ రంగు కాదు, పచ్చబొట్టు.
మార్చాలంటే చర్మం ఒలవాలి.
ప్రోగ్రాం మొత్తం మళ్లీ కట్టాలి,
సర్వర్ని పడుకోబెట్టి మళ్లీ లేపాలి.
ఆ నాలుగు నిమిషాలూ
ఏ పంపు ఊపిరీ మాకు వినపడదు.
అందుకే ఎవరూ చెయ్యి పెట్టలేదు.

అక్టోబరులో రాత్రి కాపలాకి వొబ్బే వచ్చాడు.
రెండో వారం నా గది గుమ్మంలో నిలబడి
టోపీ చేతుల్లో తిప్పుతూ,
"సీట్స్కే, ఒక సంగతి.
మీ పచ్చా మీ ఎరుపూ
నాకు రెండూ తడిసిన మట్టే."

మరి ఇన్నాళ్లూ ఎలా చూశావయ్యా?

"చూళ్లేదు. దగ్గరి పంపులకి
సైకిలేసుకు వెళ్లి గోడకి చెవి ఆనించాను.
దూరపువి దేవుడికి వదిలేశాను."

ఆ రాత్రి నేను ఇంటికి వెళ్లలేదు.
పాత పడవ చెక్కలోంచి మేకులు లాగినట్టు
ఒక్కో రంగునీ వెతికి ఊడబెరికాను,
గీతల మందాన్నీ, అక్షరాల కొలతల్నీ.
రంగు ఊడిన ప్రతి చోటా ఒక మాట పెట్టాను:
తోడుతోంది. ఆగింది. తెలియదు.

ఆ మూడోది ఇదివరకు లేదు.
కబురు అందని పంపుని కూడా
దౌవే పచ్చగానే చూపించేవాడు.
పచ్చకామెర్లు మా సర్వర్‌కి ఉన్నాయని
తెల్లవారుజామున మూడింటికి తెలిసింది.

చివర్న పేజీ నెత్తిన ఒక్క వాక్యం రాశాను:
నా బట్టలు ఫలానా ఫైల్లో ఉన్నాయి, తెచ్చి తొడగండి.
ఆ ఫైలు బయట ఉంటుంది
తలుపు పక్క కొక్కేనికి వానకోటులా.
ఎవరి కొలతది వాళ్లు తగిలించుకోవచ్చు,
సర్వర్ నిద్ర చెడకుండా.

వొబ్బేకి నీలమూ నారింజా,
ఆగినదాని మీద అడ్డగీతలు.
లెక్కల గదిలో హిల్త్యేకి
కళ్లద్దాలు మర్చిపోయిన రోజు కోసం లావుపాటి అక్షరాలు.
డైరెక్టరుగారికి మూలన లోగో కావాలట,
కుట్టుకోమన్నాను.

దౌవే ఒకసారి కాఫీకి వచ్చి
తెర వంక చాలాసేపు చూశాడు.
"నా పచ్చ ఏది?"
ఉంది. ‘పాతపచ్చ’ అని ఒక ఫైలు చేసి ఉంచాను.
తగిలించి చూపిస్తే
కప్పు అంచున వేలు తిప్పుతూ
"మరీ ముదురు" అన్నాడు.

జనవరిలో గాలి లేచింది.
కట్ట మీద నిలబడితే ఉప్పు నోట్లోకి వస్తోంది.
ఫైళ్లు దాచిన మిషను
పదకొండున్నరకి కన్ను మూసింది.

ఒంటి మీద నూలుపోగు లేకుండా వచ్చింది పేజీ.
తెల్ల తెర, నల్ల అక్షరాలు,
నీలం లేదు, నారింజ లేదు, లోగో లేదు,
ఒకదాని కింద ఒకటి నలభై ఒక్క పేర్లు.
పదిహేడో వరసలో, మిగతావాటి సైజులోనే,
ఆగింది.

వొబ్బే చదివాడు.
ఎదురుగాలికి సైకిలు తొక్కలేక
దాన్ని తోసుకుంటూ వెళ్లాడట నాలుగు కిలోమీటర్లు.

పొద్దున్నే వచ్చాడు, మోకాళ్ల దాకా బురద.
తోడుతోందా అని అడిగాను.
తల ఊపి, టోపీ పిండి,
కుర్చీ లాక్కుని అన్నాడు:
"అక్షరాలే
కాస్త చిన్నవి."